గోదారి ఒడ్డున ఇంగ్లిష్ మాటలు: రాజమండ్రి నుంచి కాకినాడ దాకా

కోనసీమలో ఒక కుర్రాడు వాళ్ల కొబ్బరితోటలో రెండు గదులు వేసి హోమ్‌స్టే పెట్టాడనుకోండి. బుకింగ్ యాప్‌లో ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాయాలి. ఇల్లు గోదారి ఒడ్డునే ఉంది. ఫోన్‌లో ‘ఒడ్డు’ అని కొడితే నాలుగు మాటలొచ్చాయి: బ్యాంక్, షోర్, కోస్ట్, బీచ్. చివరిది వినడానికి బాగుందని ‘బీచ్ హౌస్’ అని పెట్టేశాడు. హైదరాబాద్ నుంచి పిల్లాపాపలతో వచ్చినవాళ్లు కారు దిగి అడిగే మొదటి ప్రశ్న: ‘ఏవండీ, సముద్రం ఎటు?’ రేటింగ్‌లో ఒక స్టార్ అక్కడే ఎగిరిపోతుంది.

పాపం, అతన్ని అనడానికేం లేదు. డిక్షనరీ నాలుగు మాటల్నీ ఒకే వరసలో నిలబెట్టింది. ఏది ఎక్కడ వాడాలో చెప్పలేదు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకి టెన్సుల తర్వాత పెద్ద తలనొప్పి ఇదే. అర్థం ఒకటే అనిపించే నామవాచకాలు రెండు మూడు ఎదురుగా ఉంటాయి. ఒకటి పెడితే సరిగ్గా అతుకుతుంది, ఇంకోటి పెడితే తేడా కొడుతుంది. ఎందుకో చెప్పేవాళ్లుండరు.

ఈ తేడాలు గోదారి వెంట తిరిగితే తొందరగా తెలుస్తాయి. రెండ్రోజులు ఖాళీ చేసుకోండి చాలు. రాజమండ్రిలో మొదలుపెట్టి ధవళేశ్వరం, కోనసీమ లంకలు, అంతర్వేది చూసుకుని, యానాం మీదుగా కోరంగి, కాకినాడ దాకా వెళ్దాం. మాటలు కూడా దారిలోనే దొరుకుతాయి.

పుష్కర ఘాట్: ఎడమా కుడీ ఎవరికి?

రాజమండ్రిలో దిగి పొద్దున్నే పుష్కర ఘాట్‌కి వెళ్లండి. ఎదురుగా గోదారి, అవతల కొవ్వూరు, మధ్యలో వంతెనలు. వాటిలో బాగా పాతది హేవలాక్ వంతెన. 1997లో దానికి రిటైర్మెంట్ ఇచ్చేశారు.

మీరు నిలబడింది నది ఒడ్డు. నదికి ఇంగ్లిష్‌లో ఉండేది ‘బ్యాంక్’. కాలువకీ అంతే. ఒక దారిలో పారే నీళ్లకి రెండు పక్కలా ఉండే గట్టు బ్యాంక్. అందుకే దానికి ఎడమ, కుడి కూడా ఉంటాయి. మీరు ఎటు తిరిగి సెల్ఫీ తీసుకుంటున్నారన్నదాంతో పని లేదు. నీళ్లు పారే వైపు ముఖం పెట్టి చూస్తే ఎడమచేతి వైపుది లెఫ్ట్ బ్యాంక్, కుడిచేతి వైపుది రైట్ బ్యాంక్. ఆ లెక్కన రాజమండ్రిది లెఫ్ట్ బ్యాంక్, కొవ్వూరుది రైట్ బ్యాంక్. పోలవరం ఎడమ కాలువ విశాఖ వైపు, కుడి కాలువ కృష్ణ వైపు వెళ్లేదీ ఈ లెక్కతోనే.

‘ఘాట్’ అన్న మాట మన దేశం నుంచే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. స్నానాల మెట్లు ఘాటే, పైన పాపికొండలున్న తూర్పు కనుమలూ ఇంగ్లిష్‌లో ఘాట్సే. ఏ ఘాటో పక్కనున్న మాటని బట్టే తెలుస్తుంది. పుష్కర ఘాట్ అంటే మెట్లు, ఈస్టర్న్ ఘాట్స్ అంటే కొండలు. కొత్త నామవాచకం నేర్చుకున్నప్పుడు దాన్ని ఒంటరిగా కాకుండా, పక్కన వచ్చే మాటతో కలిపి గుర్తుపెట్టుకోవడం మంచిది. ‘బ్యాంక్’ అని కాదు, ‘రివర్ బ్యాంక్’ అని.

ధవళేశ్వరం: డ్యామా, బ్యారేజీనా?

రాజమండ్రి నుంచి కాస్త కిందికి వస్తే ధవళేశ్వరం. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఇక్కడ గోదారికి అడ్డంగా కట్టు కట్టించారు. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహాలు కనబడేది అందుకే. ఆ కట్టుని ఇంగ్లిష్ రికార్డుల్లో ‘అనికట్’ అన్నారు. ఎక్కడో విన్నట్టుంది కదా? మన ఆనకట్టకి తమిళ తోబుట్టువు ‘అణైక్కట్టు’. అక్కణ్నుంచే ఆ మాట ఇంగ్లిష్‌లోకి పోయింది.

అనికట్ పని నీళ్లని నిల్వ చేయడం కాదు. నది మట్టం కొంచెం పైకి లేపి, నీళ్లు కాలువల్లోకి మళ్లేలా చేయడం. మిగతా నీళ్లు కట్టు మీద నుంచి పొర్లి పోతాయి. తర్వాతి రోజుల్లో ఆ పాత కట్టు స్థానంలో గేట్లతో బ్యారేజీ వచ్చింది. ఇప్పుడున్న 175 గేట్లని ఎత్తుతూ దించుతూ నీళ్లని అదుపు చేస్తారు. డ్యామ్ అలా కాదు. అది ఎత్తుగా నిలబడి వెనకాల జలాశయాన్ని పెట్టుకుంటుంది, నాగార్జునసాగర్‌లా. తెలుగులో మూడిటినీ ఆనకట్ట అనేస్తే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ కట్టు ఏం పని చేస్తుందో దాన్ని బట్టి పేరు.

‘ఇంత తేడా మనకెందుకండీ?’ అంటారా? జులై, ఆగస్టుల్లో వాట్సాప్ చూడండి. ‘ధవళేశ్వరం డ్యామ్ ఓపెన్ చేశారు’ అని ఎవరో ఫార్వర్డ్ కొడతారు. డ్యామ్ తెరిచారంటే దాచిపెట్టిన నీళ్లు ఒక్కసారి వదిలారేమో అనిపిస్తుంది. బ్యారేజీ గేట్లు ఎత్తారంటే, పై నుంచి వచ్చిన వరదని వచ్చినట్టు కిందికి పంపుతున్నారని అర్థం. బెంగళూరులో ఉన్న కొడుకు మెసేజ్ చదివి కంగారుపడాలా, ‘నాన్నా, మట్టం ఎంతుంది?’ అని ఫోన్ చేసి అడగాలా అన్నది ఆ ఒక్క మాట మీద ఉంది.

వరద వార్తల్లో ఇంకో మూడు మాటలు కలిసిపోతుంటాయి: లెవెల్, ఫ్లో, స్టోరేజ్. లెవెల్ అంటే మట్టం, అడుగుల్లో చెబుతారు. ఫ్లో అంటే ప్రవాహం, క్యూసెక్కుల్లో చెబుతారు. సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు వెళ్తే ఒక క్యూసెక్కు. స్టోరేజ్ అంటే నిల్వ, టీఎంసీల్లో చెబుతారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇవన్నీ లెవెల్. ‘పది లక్షల క్యూసెక్కులు నిల్వ ఉన్నాయి’ అని ఎవరైనా రాస్తే అది స్పీడోమీటర్ చూసి పెట్రోల్ ఎంతుందో చెప్పినట్టు.

లంకల్లో: కాజ్‌వే మునిగితే వంతెన మునిగినట్టు కాదు

ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. ఆ రెండిటి మధ్య ఉన్న పచ్చటి నేల కోనసీమ. ఇంగ్లిష్‌లో దీన్ని ‘డెల్టా’ అంటారు, ‘ఐలాండ్’ అనరు. నది తెచ్చిన ఒండ్రు పేరుకుని సముద్రం దాకా పరుచుకున్న నేల డెల్టా. పాయ మధ్యలో నాలుగు పక్కలా నీళ్లున్న లంక మాత్రం ఐలాండే. అయితే ఒట్టి ‘ఐలాండ్’ అంటే చదివేవాళ్లు అండమాన్‌ని ఊహించుకుంటారు. ‘రివర్ ఐలాండ్’ అంటే సరిగ్గా అర్థమవుతుంది.

ఊడిమూడిలంక, బూరుగులంక లాంటి ఊళ్లకి వరద రోజుల్లో పడవే దిక్కు. కనకాయలంక పేరు ఏటా వార్తల్లో వస్తుంది, అక్కడి కాజ్‌వే మునిగిందని. బ్రిడ్జి స్తంభాల మీద నీళ్లకి ఎత్తుగా నిలబడుతుంది. కాజ్‌వే నీళ్లకి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన రోడ్డు. మామూలు రోజుల్లో రెండిటి మీదా బండి వెళ్తుంది. వరదొస్తే కాజ్‌వే మునుగుతుంది, నీళ్లు తీశాక మళ్లీ బయటపడుతుంది. ‘బ్రిడ్జి మునిగింది’ అని ఇంగ్లిష్ పోస్టు పెడితే అది వేరే స్థాయి వార్త.

అమలాపురం వెళ్లే దారిలో రోడ్డు పక్కన కాలువలు చూడండి. మనకి అన్నీ కాలువలే. ఇంగ్లిష్ వాటిని విడదీస్తుంది. తవ్వి, చేలకి నీళ్లు తెచ్చేది కెనాల్. చేలల్లో ఎక్కువైన నీళ్లని సముద్రం వైపు తీసుకుపోయేది డ్రెయిన్. ఎవరూ తవ్వకుండా తనంతట తాను పారే చిన్న వాగు స్ట్రీమ్. కోనసీమ రైతుకి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. కాలువలో నీళ్లు రాకపోతే నారు ఎండుతుంది, డ్రెయిన్‌లో నీళ్లు కదలకపోతే చేను కుళ్లుతుంది. రైతు దగ్గర తేడా ఉంది, దానికి ఇంగ్లిష్ పేర్లు చేర్చుకోవడమే మిగిలింది.

అంతర్వేది: అన్నాచెల్లెళ్ల గట్టు మీద మూడు మాటలు

సఖినేటిపల్లి రేవు దగ్గర వశిష్ఠ వెడల్పు చూసి ఆగాల్సిందే. అవతల నరసాపురం. మనుషుల్నీ బళ్లనీ కలిపి ఎక్కించుకుని దాటించేదాన్ని ఇక్కడ ‘పంటు’ అంటారు. ఇంగ్లిష్‌లో రాయాలంటే ‘బోట్’ అని వదిలేయకండి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అదే పనిగా తిరుగుతూ జనాన్ని దాటించేది ‘ఫెర్రీ’. బోట్ అన్నది ఆకారం పేరు, ఫెర్రీ అన్నది పని పేరు.

అక్కణ్నుంచి అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక అందరూ వెళ్లేది అన్నాచెల్లెళ్ల గట్టుకే. నది సముద్రంలో కలిసే చోటు. ఒక పక్క గోదారి, ఒక పక్క బంగాళాఖాతం, మధ్యలో ఇసుక.

మన కుర్రాడి మిగతా మూడు మాటలూ ఇక్కడ ఒకేసారి దొరుకుతాయి. మీ కాళ్ల కింద ఇసుక, పిల్లలు గూళ్లు కడుతున్న చోటు ‘బీచ్’. అలలు వచ్చి నేలని తాకే అంచు ‘షోర్’. వేటకెళ్లిన మత్స్యకారుడు పడవలోంచి ఎదురుచూసేది షోర్ కోసం. అది ఇసుకే కానక్కర్లేదు, రాళ్లయినా బురదయినా షోరే. పెద్ద సరస్సులకీ షోర్ ఉంటుంది. ఇక మ్యాప్ తెరిచి వేలితో ఇచ్ఛాపురం వైపు నుంచి తడ వైపు గీత గీస్తే అది ‘కోస్ట్’. కోస్ట్ మీద ఊళ్లుంటాయి, జిల్లాలుంటాయి, కోస్ట్‌గార్డ్ ఉంటుంది. బీచ్ మీద కూర్చుంటారు, కోస్ట్ మీద కూర్చోరు.

అంటే నేల ఒక్కటే. ఎక్కణ్నుంచి చూస్తున్నారన్నదే తేడా. ఇసుక మీద నిలబడితే బీచ్, నీళ్ల మీంచి చూస్తే షోర్, మ్యాప్ మీంచి చూస్తే కోస్ట్, నది పక్కన ఉంటే బ్యాంక్. కొబ్బరితోట కుర్రాడు రాయాల్సింది ‘రివర్ బ్యాంక్’ అనో, ‘రివర్‌సైడ్’ అనో. నిజానికి బీచ్ కోసం జనం విశాఖ వెళ్తారు. కోనసీమకి వచ్చేది గోదారి కోసమే. సరైన మాట పెట్టుకుంటే సరైన అతిథులే వస్తారు.

కోరంగి: సైక్లోన్ అన్న పేరు వెనక మన ఊరు

అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కి గౌతమి దాటితే యానాం. అక్కణ్నుంచి కాకినాడ రోడ్డులో కొద్ది దూరం వెళ్తే కోరంగి. మడ అడవుల మధ్య చెక్కబాట మీద నడవొచ్చు. పక్కన ఉప్పునీటి పాయలు. ఆటుపోట్లకి నిండుతూ తగ్గుతూ ఉండే ఇలాంటి పాయని ‘క్రీక్’ అంటారు. కెనాల్, డ్రెయిన్, స్ట్రీమ్‌ల పక్కన రాసుకోండి, నాలుగోది.

కోరంగి ‘శాంక్చువరీ’, పైన పాపికొండలు 2008 నుంచి ‘నేషనల్ పార్క్’. రెండూ జంతువుల్ని కాపాడే అడవులే కదా అంటే చట్టం ఒప్పుకోదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువుల్ని మేపకూడదు. శాంక్చువరీలో షరతులతో వీలుండొచ్చు. గేదెలున్న ఇంటికి ఆ ఒక్క నామవాచకం మారితే చాలా మారుతుంది.

ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలతో కిటకిటలాడిన రేవు. ఇక్కణ్నుంచి బర్మాకి వలసపోయిన తెలుగువాళ్లని అక్కడ ‘కోరంగీలు’ అనే పిలిచారు. 1789 డిసెంబరులో పెద్ద గాలివాన వచ్చింది. సముద్రం మూడు పెద్ద అలలుగా ఊరి మీద పడింది. 1839 నవంబరులో వచ్చిన ఇంకో విపత్తుతో రేవు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్‌టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ ఇలాంటి గాలివానల వివరాలు పోగుచేసేవాడు. 1789 నాటి కోరంగి ఉప్పెన గురించి కూడా రాశాడు. గుండ్రంగా సుడి తిరిగే ఈ గాలులకి ఒక పేరుండాలని, పాము చుట్టని గుర్తుచేసే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ తయారుచేశాడు. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంతో ఆ మాట ప్రపంచానికి తెలిసింది. స్కూల్లో బట్టీపట్టిన ఇంగ్లిష్ నామవాచకం వెనక మన తీరం చూసిన కష్టం ఉందన్నమాట.

హరికేన్, టైఫూన్, సైక్లోన్ మూడూ ఒకే జాతి గాలివానలు. అట్లాంటిక్‌లో పుడితే హరికేన్, పసిఫిక్ పడమటి వైపు జపాన్, ఫిలిప్పీన్స్ దగ్గరైతే టైఫూన్, మన హిందూ మహాసముద్రంలో సైక్లోన్. టైఫూన్‌లో అరబిక్, పర్షియన్ ‘తూఫాన్’ పాలు కూడా ఉంది; మన తుపానూ దాని చుట్టమే. అయితే కొలత ఒకటి కాదు. మన దగ్గర గాలి గంటకి 62 కిలోమీటర్లకి చేరితే తుపాను అంటారు. అమెరికాలో 119 దాటితేనే హరికేన్ అన్న పేరొస్తుంది. అందుకే ‘జస్ట్ సైక్లోనే కదా’ అని పేరు చూసి తేలిగ్గా తీసుకోకూడదు, పక్కన అంకె చూడాలి.

కాకినాడ: మూడో నంబరు, ఏ మూడో నంబరు?

కాకినాడ తీరానికి ఎదురుగా హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ ఉంది. సముద్రపు పోటుని అదే కాస్తుంది. దాని చాటున ఓడలు నిలవడానికి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. అలా కాపుదల ఉన్న నీళ్లు ‘హార్బర్’. సరుకు ఎక్కించి దించే రేవు, క్రేన్లు, గిడ్డంగులు, ఆఫీసులు అన్నీ కలిపితే ‘పోర్ట్’. హార్బర్ ఓడకి ఆశ్రయం, పోర్ట్ ఓడకి పని.

తుపాను రోజుల్లో ఈ తీరంలో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అప్పుడు చేతుల్లో ఫోన్లు లేవు. ఇప్పుడున్నాయి. కానీ వాటిలో వచ్చే మాటలు తెలియాలి.

భారత వాతావరణ విభాగం ఇంగ్లిష్ బులెటిన్లలో మూడు నామవాచకాలు వస్తుంటాయి: వాచ్, అలర్ట్, వార్నింగ్. తెలుగులోకి వచ్చేసరికి మూడూ ‘హెచ్చరిక’ అయిపోతుంటాయి. అవి ఒకటి కావు. ‘ప్రీ సైక్లోన్ వాచ్’ సుమారు 72 గంటల ముందు: కన్నేసి ఉంచండి. ‘సైక్లోన్ అలర్ట్’ కనీసం 48 గంటల ముందు: వలలు, పడవలు, ధాన్యం సర్దుకోండి. ‘సైక్లోన్ వార్నింగ్’ కనీసం 24 గంటల ముందు: ఇంక టైమ్ లేదు. అంటే ఈ మూడు మాటల మధ్య తేడా గంటల్లో ఉంది. అమ్మమ్మని తుపాను షెల్టర్‌కి ఎప్పుడు తీసుకెళ్లాలో అదే చెబుతుంది.

ఇంకో చిక్కు. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక అంటే ఆఖరి మెట్టు, లంకలు ఖాళీ చేసే పరిస్థితి. పోర్టులో ఎగరేసే మూడో నంబరు సూచిక అంటే ఈదురుగాలులు వస్తాయి జాగ్రత్త అని. అక్కడ నంబర్లు పదకొండు దాకా వెళ్తాయి. రెండూ న్యూస్ స్క్రోలింగ్‌లో ‘మూడో నంబరు హెచ్చరిక’ అనే పరుగెడతాయి. షేర్ చేసేముందు ఏ మూడో చూడండి. నదిదా, పోర్టుదా?

నిజానికి ఈ విషయంలో మనం వెనకబడిలేం. అల్పపీడనం, వాయుగుండం, తుపాను, ఉప్పెన అని మనకి ఎంత స్పష్టంగా ఉందో చూడండి. వాయుగుండాన్ని ఇంగ్లిష్‌లో ‘డిప్రెషన్’ అంటారని తెలిసి నవ్వుకుంటాం, కానీ వాయుగుండానికీ తుపానుకీ తేడా కోస్తా పిల్లాడికి చిన్నప్పుడే తెలుసు. ఒడ్డు, గట్టు, రేవు, లంక, దిబ్బ అని తెలుగులో సరిగ్గా ఎంచుకుని మాట్లాడేవాళ్లం, ఇంగ్లిష్‌కి వచ్చేసరికి డిక్షనరీలో మొదట కనబడిన మాట పట్టుకుంటాం.

రెండు ఇంగ్లిష్ మాటల దగ్గర ఆగిపోయినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది మనిషి కట్టిందా, దానంతట అదే ఉందా? నేను ఎక్కణ్నుంచి చూస్తున్నాను? ఈ మాట విన్నవాళ్లు ఇప్పుడు ఏం చేయాలి? మొదటిది కెనాల్‌నీ స్ట్రీమ్‌నీ విడదీస్తుంది, రెండోది బ్యాంక్, షోర్, కోస్ట్‌లని. మూడోది అలర్ట్‌కీ వార్నింగ్‌కీ మధ్య ఉన్న 24 గంటల్ని మీ చేతిలో పెడుతుంది.

ప్రయాణానికి వర్షాలు తగ్గాక, నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మాఘమాసంలో అయితే అంతర్వేది తీర్థం కూడా కలిసొస్తుంది. బయల్దేరేముందు రోజు మాత్రం బులెటిన్ ఒకసారి తెరిచి, అందులో ఏ నామవాచకం ఉందో చూసుకోండి.